బందరు నోబుల్ పాఠశాల – పూర్వచరిత్ర

ఆంధ్రదేశమున ఇంగ్లీషు విద్య ఏ మార్గమున ప్రవేశించి, ఏ రీతిగా వ్యాపించెనో తెలిసికొనగోరువారు బందరు పట్టణమువంక ఒకసారి దృష్టి సారింపక తప్పదు. ఉద్యోగధర్మము ననుసరించి స్వస్థలములను వీడి, దేశపు నాలుగు చెరగులకును చేరిన మన తెలుగు కుటుంబములు అనేకములు కలవు. వానిలో కృష్ణా గోదావరీ మండలములనుండి వచ్చినవారి పెద్దలను కదలించినచో, వంశమున మొట్టమొదట ఇంగ్లీషు నేర్చిన తాతగారి ప్రసంగము తప్పక వచ్చును. ఆ తాతలలో పలువురకు అక్షరభిక్ష పెట్టిన ఆలయములలో ప్రాచీనమైనది బందరు నోబుల్ పాఠశాల. దానిని స్థాపించినది ఒక క్రైస్తవ మిషనరీ సంఘము. అది ఏ సంకల్పముతో పుట్టెనో ఆ సంకల్పము స్వల్పముగానే నెరవేరెను. స్థాపకులు సంకల్పింపని ఫలములు మాత్రము విస్తారముగా పండెను. ఈ వైచిత్ర్యమును వివరించుటయే ప్రస్తుత వ్యాసోద్దేశము.

నాటి బందరు

మచిలీపట్టణము గోలకొండ సుల్తానుల కాలమున తూర్పుతీరమున ప్రఖ్యాతమైన రేవు. పదునేడవ శతాబ్ది ఆరంభముననే డచ్చివారు ఇచ్చట వర్తకస్థానము నేర్పరచుకొనిరి. 1611లో “గ్లోబ్” అను ఓడపై వచ్చిన ఇంగ్లీషువారును అట్లే చేసిరి. ఇచ్చటి కలంకారీ అద్దకపు వస్త్రములు పారశీక దేశమునకును, యూరపుఖండమునకును ఎగుమతి యగుచుండెను. 1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారినుండి కోటను వశపరచుకొనిన పిమ్మట పట్టణము ఇంగ్లీషు కంపెనీవారి వశమాయెను. అయితే అధికారము చేతులు మారినంతమాత్రమున సంపద నిలువలేదు. మద్రాసు రేవు పెరిగినకొలది బందరు రేవు క్షీణించెను. ఇంగ్లండునందు యంత్రములపై నేసిన వస్త్రములు వచ్చి దేశీయ నేతపనివారి జీవనమును దెబ్బతీసెను. 1832-33 సంవత్సరములలో సంభవించిన గుంటూరు కరవు ఈ ప్రాంతమునంతను కుంగదీసెను. కృష్ణ, గోదావరుల ఆనకట్టలు అప్పటికింకను కట్టబడలేదు. పూర్వవైభవము తరిగి, నూతన జీవనమార్గములు తోచక జనులు తల్లడిల్లుచున్న సమయమున ఈ పాఠశాల వెలసెను.

దీనికి పూర్వము దేశమున చదువే లేదని తలంచుట పొరపాటు. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో రాజధానియందలి పాఠశాలల లెక్క తీయుమని కలెక్టరులకు ఉత్తరువు చేసెను. 1826లో ఆయన ప్రకటించిన నివేదికనుబట్టి 1,28,50,941 జనసంఖ్య గల రాజధానియందు 12,498 పాఠశాలలుండెను. అనగా ఇంచుమించు వేయిమందికొక బడి యన్నమాట. వీధియరుగులమీద ఇసుకలో అక్షరములు దిద్దించి, ఎక్కములు, పద్యములు కంఠస్థము చేయించు పంతుళ్లకు కొరత లేకుండెను. వేదవేదాంగములకు ప్రత్యేకముగా విద్యాస్థానములుండెను. కావున లేనిది విద్య కాదు. కంపెనీ కచేరీలలో చెల్లుబాటగు విద్య లేకుండెను. వీధిబడిలో ఆరితేరిన బాలుడు కలెక్టరు కచేరీలోని ఇంగ్లీషు కాగితమును చదువజాలకుండెను. ఆ కొరతను తీర్చుటకు ప్రభుత్వము చేయి కదల్పకముందే ఒక మతసంఘము పూనుకొనెను.

స్థాపకుడు

బందరు, గుంటూరు ప్రాంతములందు ఉద్యోగములు చేయుచున్న కొందరు ఇంగ్లీషువారు తెలుగుదేశమున క్రైస్తవమత బోధకై ధనము కూర్చి, ఇంగ్లండులోని చర్చి మిషనరీ సొసైటీవారిని ఆహ్వానించిరి. ఆ పిలుపు నందుకొని 1841లో ఇద్దరు యువకులు వచ్చిరి. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదివిన హెన్రీ వాట్సన్ ఫాక్సు ఒకరు. కేంబ్రిడ్జిలో చదివిన రాబర్టు టర్లింగ్టన్ నోబుల్ మరియొకరు. ఇరువురును పని పంచుకొనిరి. ఫాక్సు గ్రామములు తిరిగి బోధించునట్లును, నోబుల్ పట్టణముననే యుండి పాఠశాల నడపునట్లును నిశ్చయించుకొనిరి. ఫాక్సు అనారోగ్యపీడితుడై స్వదేశమునకు మరలి 1848లో మరణించెను. నోబుల్ మాత్రము ఇరువదినాలుగేండ్లు ఇచ్చటనే యుండి, ఒక్కమారైనను స్వదేశమునకు పోక, అవివాహితుడై, ఈ నేలమీదనే కన్నుమూసెను.

ఆయన 1809లో లీస్టరుషైరున ఒక మతాచార్యుని యింట జన్మించెను. బందరు చేరినవెంటనే పాఠశాల తెరవక, రెండేండ్లపాటు తెలుగు నేర్చుకొనెను. ఎవరికి బోధింపవలెనో వారి భాష రానిదే బోధ సాగదని ఆయన గ్రహించెను. 1843 నవంబరులో పాఠశాల ప్రారంభమాయెను. మొదటి దినములలో వచ్చిన బాలుర సంఖ్య వ్రేళ్లమీద లెక్కింపదగినంతయే. ఇంగ్లీషు, తెలుగు, గణితము, భూగోళము, చరిత్రము మున్నగువానితోపాటు బైబిలు పాఠము ప్రతిదినము తప్పనిసరి. పాఠశాల ఉద్దేశము మతబోధయని ఆయన ఎన్నడును దాచలేదు.

దాచకున్నను తండ్రులు తమ బిడ్డలను పంపిరి. దీనికి కారణము వెదుకుట కష్టము కాదు. 1844లో గవర్నరు జనరల్ లార్డు హార్డింజి, ప్రభుత్వోద్యోగములలో ఇంగ్లీషు విద్య నేర్చినవారికి ప్రాధాన్యమొసగవలెనని ప్రకటించెను. ఈ మండలములకు సమీపమున ప్రభుత్వమువారి ఇంగ్లీషు పాఠశాల లేదు. రాజమహేంద్రవరమున అట్టిది వెలసినది 1853లో. మద్రాసుకు బిడ్డను పంపి పోషించుట సామాన్య గృహస్థునకు సాధ్యము కాదు. కావున ఇంటిలో సంధ్యావందనము, బడిలో బైబిలు అను ఏర్పాటుకు తండ్రులు లోబడిరి. బిడ్డ చదువు గ్రహించి మతమును విడిచివేయునని వారి నమ్మకము. చదువుతోపాటు మతమును గ్రహించునని ఉపాధ్యాయుని ఆశ. ఒకే గదిలో ఈ రెండు ఆశలును దాదాపు తొమ్మిదేండ్లు కలిసి కూర్చుండెను.

1852 సంక్షోభము

1852లో ఆ సంధి చెదరెను. మంచాల రత్నము అను బ్రాహ్మణ యువకుడును, అయినాల భూషణము అను వెలమ యువకుడును ఇల్లు విడిచి నోబుల్ బంగళాకు వచ్చి, క్రైస్తవమతము స్వీకరింప నిశ్చయించుకొంటిమని చెప్పిరి. పట్టణము అట్టుడికినట్లుడికెను. బంధువులు బంగళా చుట్టును గుమికూడిరి. తల్లుల రోదనము, పెద్దల ఆగ్రహము మిన్నుముట్టెను. తమంతట తామే వచ్చితిమని యువకులు అధికారుల యెదుట చెప్పిరి. ఇరువురకును జ్ఞానస్నానము జరిగెను. పాఠశాల ఖాళీయాయెను.

ఈ ఘట్టమును తలంచునప్పుడు ఒక పక్షమున నిలిచి రెండవపక్షమును నిందించుట సులభము. కాని న్యాయముగా చూచినచో రెండు వైపులను వ్యథ కలదు. యువకుల మనస్సాక్షి వారి సొంతము. దానిని కాదనుటకు ఎవరికిని అధికారము లేదు. ఆ కాలమున మతము మారిన కుమారుడు తల్లిదండ్రులకు బ్రతికియుండగనే లేనివాడగుచుండెను. పంక్తిలో చోటు, తలకొరివి పెట్టు హక్కు, తోబుట్టువుల వివాహసంబంధములు అన్నియు ఒక్కదినమున తారుమారగుచుండెను. చదువుకొరకు బిడ్డను పంపిన తల్లి అంతటి వెల చెల్లింపవలసివచ్చునని ఎరుగదు. తన కోర్కె నెరవేరిన దినమే తన పాఠశాల శూన్యమగుట నోబుల్ కన్నులార చూచెను. ఆయన మతబోధను విడువలేదు, పాఠశాలనూ మూయలేదు. క్రమక్రమముగా బాలురు తిరిగివచ్చిరి. 1855లో మరల కొందరు యువకులు మతము మారిరి. వారిలో మహమ్మదీయుడైన జానీ ఆలీ తరువాత కేంబ్రిడ్జిలో చదివి మతాచార్యుడాయెను. మరల కలవరము, మరల బాలురు మానుట, మరల చేరుట జరిగెను. ఉద్యోగమునకు దారితీయు విద్యను జనులు ఎంతగా కాంక్షించిరో ఈ రాకపోకలే తెలుపుచున్నవి.

మూసియున్న ద్వారము

ఈ పాఠశాల చరిత్రలో దాచదగని విషయమొకటి కలదు. నోబుల్ తన పాఠశాలను ప్రధానముగా పై కులములవారికై ఉద్దేశించెను. సంఘము అస్పృశ్యులని వెలిగా నుంచిన కులముల బిడ్డలకు ఆ దినములలో అందు ప్రవేశము లేకుండెను. పై వర్ణములవారు మారినచో దేశమంతయు వారిని అనుసరించునని ఆయన తలంపు. తక్కువవారని యెంచబడిన బాలుర పక్కన కూర్చుండవలసివచ్చినచో అగ్రవర్ణముల బాలురు రారని ఆయన భయము. దేవుని యెదుట మనుజులందరును సమానులని బోధించు పాఠశాల, తన వాకిట మాత్రము లోకపు కొలతలనే పాటించెను. ఈ పద్ధతి ఆ కాలముననే మిషనరీలలో వివాదాస్పదమై యుండెను.

చరిత్ర ఆ తలంపునకు విచిత్రమైన సమాధానము చెప్పెను. బందరులో పై కులములనుండి కొద్దిమందే క్రైస్తవులైరి. 1859లో కృష్ణా మండలమున రాఘవాపురము గ్రామవాసి, మాలకులస్థుడైన పాగోలు వెంకయ్య, తానే సత్యాన్వేషణచేసి మిషనరీ డార్లింగును కలిసికొని క్రైస్తవుడాయెను. ఆయన వెంట ఆయనవారు నడచిరి. ఆ ప్రాంతమున క్రైస్తవసంఘము వందలుగా, వేలుగా పెరిగినది ఆ గ్రామములనుండియే కాని నోబుల్ తరగతి గదులనుండి కాదు. ఇంగ్లీషు రాని ఒక గ్రామస్థుడు, విశ్వవిద్యాలయ పండితుడు రెండు దశాబ్దులలో సాధింపలేని కార్యమునకు నాంది పలికెను. అటుపిమ్మట ఆ పల్లెలలో వెలసిన చిన్నచిన్న బడులు, అంతవరకు ఏ వీధియరుగుమీదను చోటులేని బిడ్డలచేత మొదటిసారి పలక పట్టించెను. తెలుగుదేశమున మిషనరీ విద్య చేసిన మేలును లెక్కించువారు పట్టణపు కళాశాలకంటె ముందుగా ఆ పూరిపాకలను లెక్కింపవలెను.

ఉప్పెన

1854లో సర్ చార్లెస్ ఉడ్డుగారి విద్యాశాసనము వెలువడి, ప్రైవేటు పాఠశాలలకు ప్రభుత్వసహాయ ద్రవ్యమునకు మార్గమేర్పడెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము స్థాపింపబడి, మెట్రిక్యులేషను పరీక్షకు బాలురు సిద్ధమగుట ఆరంభమాయెను. 1859లో కృష్ణా జిల్లా ఏర్పడి బందరు దాని ముఖ్యపట్టణమగుటచే కచేరీలు పెరిగెను. గుమాస్తాల అవసరమును పెరిగెను. కృష్ణ ఆనకట్ట పూర్తియై కాలువలు పారగా రైతుల చేతులలో ధనమాడెను. బిడ్డలను చదివించు స్తోమత పల్లెలకును అబ్బెను. పాఠశాల ప్రతిష్ఠ దినదినాభివృద్ధి చెందుచున్న సమయమున ఘోరవిపత్తు సంభవించెను.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతోకూడ సముద్రము పొంగి బందరుపై విరుచుకుపడెను. పోటుమట్టమునకు పదుమూడడుగుల యెత్తున అల లేచి, లోతట్టు గ్రామములవరకు నీరు వ్యాపించెను. ఇంచుమించు ముప్పదివేలమంది మరణించిరని అంచనా. మిషనరీ షార్కీ దంపతులు నడపుచుండిన బాలికల వసతిపాఠశాలలో పలువురు బాలికలు ఆ రాత్రి నీట మునిగిపోయిరి. స్త్రీవిద్య యన్న మాటయే వింతగా వినబడు దినములలో అక్షరములు నేర్చుచుండిన బాలికలు వారు. బందరు చరిత్రలో ఉప్పెనను వర్ణించువారు వారినికూడ స్మరించుట న్యాయము. తెల్లవారునప్పటికి పట్టణము శ్మశానమువలె నుండెను. ఆ దెబ్బనుండి రేవు మరల కోలుకొనలేదు. నోబుల్ ఆరోగ్యమును క్షీణించెను. మరుసటి సంవత్సరము, 1865 అక్టోబరు 17న ఆయన బందరులో మృతినొందెను. ఆయన జ్ఞాపకార్థము పాఠశాలకు ఆయన పేరు నిలిచెను. ఆయన తొలిశిష్యులు రత్నము, భూషణము అప్పటికే మతాచార్యులై సేవచేయుచుండిరి.

శిష్యుల మార్గము

నోబుల్ మరణానంతరము పాఠశాల కాలక్రమమున కళాశాలగా వృద్ధిచెందెను. ఎఫ్.ఏ. తరగతులవరకు చదివి, కృష్ణా గోదావరీ మండలముల బాలురు పైచదువుకు మద్రాసు చేరుట పరిపాటియాయెను. కచేరీ గుమాస్తాలు, వకీళ్లు, ఉపాధ్యాయులు ఇందుండి బయలుదేరిరి. మతమార్పిడులు అరుదాయెను, విద్యార్థుల సంఖ్య పెరిగెను. మిషను కళాశాలయనిన తల్లిదండ్రులకు పూర్వమున్న గుండెదడ తగ్గెను.

1890 ప్రాంతములలో ఈ కళాశాలలో ఉపాధ్యాయుడైన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి చరిత్ర ఇచ్చట ప్రత్యేకముగా చెప్పదగినది. ఆయన 1862లో బందరులోనే జన్మించి, మద్రాసు క్రిస్టియను కళాశాలలో చదివి, బ్రహ్మసమాజమతమును అవలంబించిన వారు. క్రైస్తవ కళాశాలలో క్రైస్తవుడు కాని అధ్యాపకుడై, తన శీలముచేతనే శిష్యులను ఆకర్షించెను. వేశ్యానృత్యములను మాన్పుటకును, మద్యపాన నిషేధమునకును, అస్పృశ్యతా నివారణకును ఆయన చేసిన కృషి లోకవిదితము. తరువాత కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షుడై, 1925లో మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షపదవి నలంకరించెను. నోబుల్ పాఠశాల తెరువకుంచిన ద్వారమును, దాని అధ్యాపకులలో నొకరు తన ఇంటిలో తెరచెను. కాకినాడలో ఆయన హరిజన బాలబాలికలను చేరదీసి చదివించిన సంగతి చాలమందికి తెలిసినదే.

ఆయన శిష్యులలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు, ముట్నూరి కృష్ణారావుగారు ముఖ్యులు. ఇరువురును నోబుల్ కళాశాల విద్యార్థులే. 1902లో స్థాపితమైన కృష్ణాపత్రికకు కృష్ణారావుగారు 1907 మొదలు జీవితాంతము, అనగా 1945వరకు సంపాదకత్వము వహించిరి. పట్టాభిగారు కాంగ్రెసు చరిత్ర రచించి, 1923లో బందరున ఆంధ్రాబ్యాంకును స్థాపించి, 1948లో జయపురమున జరిగిన కాంగ్రెసు మహాసభ కధ్యక్షులైరి.

1907లో బిపినచంద్రపాలుగారు ఆంధ్రదేశమున పర్యటించి స్వదేశీ మంత్రమును ఉపదేశించినప్పుడు బందరు యువకుల హృదయములు కదలెను. ఇంగ్లీషు విద్య మనకు ఉద్యోగములనిచ్చెను కాని స్వాతంత్ర్యబుద్ధినిచ్చెనా యని వారు ప్రశ్నించుకొనిరి. కోపల్లె హనుమంతరావుగారితో చేరి పట్టాభిగారును, కృష్ణారావుగారును 1910లో ఆంధ్ర జాతీయకళాశాలను నెలకొల్పిరి. ప్రభుత్వ సహాయముతో, విశ్వవిద్యాలయ పట్టముతో పనిలేకుండ, మాతృభాషకు, చేతిపనులకు, చిత్రకళకు స్థానమిచ్చుట దాని లక్ష్యము. హనుమంతరావుగారు తన ప్లీడరు వృత్తిని విడిచి ఆ సంస్థకై 1922లో మరణించువరకు శ్రమించెను.

ఇట్లు ఒకే పట్టణమున, ఒక మైలు రెండుమైళ్ల పరిధిలో రెండు కళాశాలలు నిలిచెను. ఒకటి సముద్రమునకు ఆవలినుండి వచ్చిన మతాచార్యుడు పరమతబోధకై నిర్మించినది. రెండవది ఆయన పేరిట నిలిచిన కళాశాలలో చదివినవారు, ఆ చదువులోని లోపములను గుర్తించి నిర్మించినది. శిష్యులు గురుకులముపై తిరుగుబాటు చేసిరని కొందరనవచ్చును. కాని శిష్యునకు ప్రశ్నించు శక్తి నిచ్చుటకంటె విద్యాలయము చేయదగిన మేలేమున్నది? ఇంగ్లీషు చరిత్రలో ప్రజాస్వాతంత్ర్య ఘట్టములు చదివినవారే ఇంగ్లీషు ప్రభుత్వమును ప్రశ్నించిరి. బైబిలు పాఠము విన్నవారే తమ మతమును కొత్తకన్నులతో చదువుకొనిరి. తండ్రుల లెక్కయు తప్పెను, నోబుల్ లెక్కయు తప్పెను. బాలురు మాత్రము నేర్చుకొనిరి.

నేటి స్థితి

1947 సెప్టెంబరు 27న దక్షిణభారత సంఘము ఏర్పడగా ఈ ప్రాంతపు ఆంగ్లికను సంఘములు అందులో చేరెను. నోబుల్ కళాశాల నేటికిని ఆ సంఘపు కృష్ణా గోదావరీ అధ్యక్షమండలము పర్యవేక్షణలో బందరున నడచుచున్నది. నాడు ఏ కులములవారికి వాకిలి మూసియుండెనో, నేడు ఆ కులముల బిడ్డలు అందు నిరాటంకముగా చదువుచున్నారు. 1843లో పదిమందికి చాలిన గది నేడు దేనికిని చాలదు.

మనవంటి ప్రభుత్వోద్యోగులకు ఈ చరిత్రలో తెలిసికొనదగిన విశేషము కలదు. ఇంగ్లీషు చదువును మనము సాధారణముగా ఉద్యోగమునకు నిచ్చెనగా మాత్రమే భావింతుము. మన తాతలును అట్లే భావించి బిడ్డలను పంపిరి. దానికొరకు వారు చెల్లించిన వెల ఎట్టిదో 1852నాటి తల్లుల కన్నీరు చెప్పును; ఆ నిచ్చెన మొదటిమెట్టు ఎవరెవరికి అందలేదో రాఘవాపురము గ్రామము చెప్పును; నిచ్చెన ఎక్కినవారు కచేరీతో ఆగనక్కరలేదని జాతీయకళాశాల చెప్పును. బందరు పోవు సభ్యులు కలంకారీ వస్త్రములు కొని, హల్వా రుచిచూచి మరలివచ్చుట వాడుక. ఈసారి పోవువారు ఒక పూట వ్యవధి కల్పించుకొని, బిడ్డలను వెంటబెట్టుకొని, ఈ రెండు విద్యాలయముల ప్రాంగణములను చూచి రావలసినదిగా ప్రార్థన. వానిలో ఒకదానిని మాత్రము చూచి వచ్చినచో బందరు కథ సగమే తెలిసినట్లగును.